బండి తాళం ఎవరి చేతిలో ఉంది?

(మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి రెండు రోజులుగా మాట్లాడుకుంటున్న ఈ సమావేశంలో మోటారు సైకిలు గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇందులో హక్కేముంది, ఇది సరదా కదా అని కొందరికి అనిపించి ఉండవచ్చు. మగవాడు బండి కొనుక్కుంటే అది అవసరం అంటారు. ఆడది కొనుక్కుంటే సరదా అంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడటమే ఈ ప్రసంగం ఉద్దేశం. దానితో పాటు బండి కొనాలనుకునేవారికి, నడుపుతూ ఉన్నవారికి పనికొచ్చే కొన్ని విషయాలు కూడా చెబుతాను. ఎందుకంటే సిద్ధాంతం ఎంత చెప్పుకున్నా, అడవి మధ్యలో చైన్ తెగితే దాన్ని అతికించుకోవడం వచ్చి ఉండాలి.

ముందు ఒక లెక్క చెబుతాను. 2019–21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలను ఒక ప్రశ్న అడిగారు. బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటికి, ఈ మూడు చోట్లకీ ఒంటరిగా వెళ్ళడానికి మీకు అనుమతి ఉందా అని. దేశం మొత్తం మీద ఉందని చెప్పినవారు 42 శాతం. సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు అంకె కన్నా ప్రశ్నలోని ‘అనుమతి’ అన్న మాట దగ్గర చూపు ఆగుతుంది. పురుషుణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కదలడం అతనికి పుట్టుకతో వచ్చిన స్థితి. మనకు అది ఇంకొకరు ఇవ్వవలసిన సెలవు.

మోటారు సైకిలు మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. చాలా ఇళ్ళలోకి అది వచ్చింది కట్నంగా. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా పెళ్ళి మాటల్లో ‘బండి పెడతారా?’ అన్న మాట ఇప్పటికీ వినపడుతూనే ఉంది. అమ్మాయి తండ్రి అప్పు చేసి బండి కొంటాడు. అబ్బాయి పేరు మీద రిజిస్టర్ అవుతుంది. తన పుట్టింటి డబ్బుతో కొన్న బండి వెనక సీటు మీద, పక్కకు తిరిగి, ఒళ్ళో బిడ్డను పెట్టుకుని ఆ అమ్మాయి కూర్చుంటుంది. బండి పెట్టలేదని, పెట్టిన బండి చిన్నదని కోడళ్ళను హింసించిన కేసులు మీలో చాలామంది మీ చేతులతో రాసుకున్నవే. ఆస్తి స్త్రీ ద్వారా ప్రయాణించి పురుషుడి దగ్గర ఆగడమన్న దానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనపడదు.

చట్టం కూడా స్త్రీని వెనక సీటులోనే ఊహించుకుంది. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం చూడండి. వెనక కూర్చునేవారి కోసం పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకునే చోటు ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే అడ్డు ఉండాలి అంటుంది. మనం చీర గార్డు అంటున్నది దాన్నే. అది ప్రాణాలు కాపాడే నియమం, నేను కాదనను. కానీ ముందు సీటులో చీరతోనో చుడీదార్‌తోనో ఒక స్త్రీ కూర్చుంటుందని మాత్రం ఎవరికీ తోచలేదు.

శిరస్త్రాణం సంగతి ఇంకా విచిత్రం. 1988 మోటారు వాహన చట్టం 129వ సెక్షను ప్రకారం హెల్మెట్ తప్పనిసరి. కానీ ఢిల్లీలో 1999 నుంచి 2014 దాకా స్త్రీలకు అది ఐచ్ఛికం. సిక్కు స్త్రీల మతాచారాన్ని గౌరవించడం పేరుతో మొత్తం స్త్రీలందరికీ ఆ మినహాయింపు ఇచ్చారు. పదిహేనేళ్ళ పాటు ఒకే బండి మీద ముందున్న మగ తలకు రక్షణ, వెనకున్న ఆడ తలకు మినహాయింపు! 2014లో సిక్కు స్త్రీలకు తప్ప మిగిలిన అందరికీ తప్పనిసరి చేశారు. మనకిచ్చే మినహాయింపులన్నీ దయ కాదని గుర్తు పెట్టుకోవడానికి ఇదొక్కటి చాలు.

ఇప్పుడు నా బండి గురించి. కంపెనీ పేరు చెప్పను, ప్రచారం చేయడానికి రాలేదు. ఇంగ్లీషులో ‘డ్యుయల్ స్పోర్ట్’ అంటారు, ‘అడ్వెంచర్ బండి’ అని కూడా అంటున్నారు. తారు రోడ్డు మీద ఎంత నిలకడగా పోతుందో, రాళ్ళబాట మీద, మట్టి దారిలో, వాగు దాటేటప్పుడు అంత నిలకడగా పోయేలా కట్టిన బండి. ముందు చక్రం పెద్దది, సాధారణంగా 21 అంగుళాలు. నేలకూ ఇంజనుకూ మధ్య ఎత్తు ఎక్కువ. సస్పెన్షన్ ఎక్కువ దూరం కదులుతుంది. హ్యాండిల్ వెడల్పుగా ఉండి, నిలబడి నడపడానికి కూడా వీలుగా ఉంటుంది. మన దేశంలో ఈ రకం అందరికీ తెలిసింది 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చాక. అది 411 సీసీ. దాని స్థానంలో 2023 చివర్లో 452 సీసీ బండి వచ్చింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్ వచ్చాయి.

నేను 2021లో కొన్నాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పరిశోధన కోసం ఏజెన్సీ మండలాల్లో వారపు సంతల చుట్టూ తిరగాల్సిన పని. సంతలో అమ్మే స్త్రీల శ్రమ గురించి రాయాలంటే వాళ్ళు తెల్లవారుజామున ఏ దారిన నడిచి వస్తారో ఆ దారి చూడాలి కదా. బస్సు పాడేరు దాకా తీసుకెళ్తుంది, చింతపల్లి దాకా తీసుకెళ్తుంది. ఆ పైన జీపుల్లో వేలాడాలి, లేదా ఎవరో ఒక మగ సహోద్యోగి బండి వెనక కూర్చోవాలి. అతనికి తీరికున్న రోజే నాకు క్షేత్ర పర్యటన. అతనికి ఆకలేస్తే నా ఇంటర్వ్యూ ముగుస్తుంది! ఈ రోజు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను ఏకీభవించను, అది మన హక్కే. కానీ బస్సే రాని ఊరికి టిక్కెట్టు లేకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. మనలో క్షేత్రస్థాయిలో పనిచేసేవాళ్ళం ఆఖరి ఆరు కిలోమీటర్లలోనే బతుకుతాం.

బండి కొనడానికి వెళ్ళినప్పుడు ఒక షోరూములో ఫారం నింపుతున్న అబ్బాయి తలెత్తకుండానే, ‘సార్ పేరు చెప్పండి మేడమ్’ అన్నాడు. సార్ ఎవరూ లేరు, నా పేరే రాయి నాయనా అన్నాను. అతను చెడ్డవాడు కాదు. అతని అనుభవంలో ఆ గడిలో ఆడపేరు పడటం అరుదు, పడినా అది పన్ను కోసమో, రుణం కోసమో.

ఈ పేరు సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మోటారు వాహన చట్టం దృష్టిలో యజమాని అంటే రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరున్న మనిషి. బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అని మీకు తెలుసు. అది మన వల్ల దెబ్బతిన్న ఇతరులకు. మనకు దెబ్బ తగిలితే? దానికి యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది, దాని మొత్తాన్ని 2018లో 15 లక్షల రూపాయలకు పెంచారు. అది ఎవరికి వర్తిస్తుంది? బండి తన పేరు మీద ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి, తానే నడుపుతున్న మనిషికి. అంటే భర్త పేరు మీదున్న బండి మీద రోజూ ముప్పై ఊళ్ళు తిరిగే మన కార్యకర్తకు ఆ రక్షణ అందదు. అలాగే భార్య పేరున బండి కొని, ఆమెకు లైసెన్సు ఇప్పించకుండా భర్తే నడుపుతూ ఉంటే అతనికీ అందదు. కాబట్టి మూడు కాగితాలు చూసుకోండి: ఆర్సీ మీద ఎవరి పేరుంది, లైసెన్సులో గేరు బండికి అనుమతి ఉందా, పాలసీలో నామినీ ఎవరు. ఈ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళగానే చూడండి.

సరే, ఎత్తు సంగతి. ఈ రకం బండ్ల సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లూ ఆ పైనా ఉంటుంది. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు అయిదడుగులు. అంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు. ‘మీకు ఇది సరిపోదు’ అని అమ్మేవాడు అక్కడే తేల్చేస్తాడు. నిజానికి రెండు కాళ్ళూ ఆనవలసిన అవసరం లేదు. బండి ఆపేటప్పుడు సీటు మీద ఒక పక్కకు జరిగి ఎడమ పాదం గట్టిగా ఆనిస్తే చాలు, కుడి పాదం వెనక బ్రేకు మీద ఉంటుంది. ఆపే ముందు నేల ఎటు వాలుగా ఉందో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి, పల్లం వైపు కాలు పెడితే అందదు. సీటులో స్పాంజి తగ్గించి కుట్టేవాళ్ళు ప్రతి పట్నంలో ఉన్నారు. అడుగు మందంగా ఉన్న బూట్లు ఇంకో అంగుళం ఇస్తాయి. అసలు ప్రశ్న వేరే. ఈ బండి కొలతలు ఎవరి శరీరాన్ని ప్రమాణంగా తీసుకుని వేశారు? జాకెట్టు, గ్లవుజులు, మోకాలి కవచాలు కొనబోతే కూడా అంతే. ఆడవాళ్ళ కొలతల్లో దొరికేవి నాలుగు, వాటిలో మూడు గులాబీ రంగు.

తరువాత బరువు. నేను చెప్పిన నాలుగు వందల సీసీ బండ్లు పెట్రోలు పోశాక 170 నుంచి 200 కిలోల దాకా ఉంటాయి. రెండు వందల సీసీ బండి 155 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ‘పడితే ఎత్తగలవా?’ అని అడగని మనిషి లేడు. నిండు గ్యాసు సిలిండరు సుమారు 30 కిలోలు. దాన్ని నడుముతో దొర్లించి పొయ్యి దగ్గరకు చేర్చేది ఎవరు? రెండు బిందెలు చంకనా నెత్తినా పెట్టుకుని గట్టు ఎక్కేది ఎవరు? అప్పుడు మన బలం గురించి ఎవరికీ సందేహం రాదు. బండి ఎత్తడానికి కండ కన్నా పద్ధతి ముఖ్యం. ముందు ఇంజను ఆపండి. కుడివైపు పడితే సైడు స్టాండు ముందే బయటకు లాగి పెట్టుకోండి, లేకపోతే ఎత్తాక అటు పడిపోతుంది. బండి దొర్లకుండా గేరులో ఉంచండి. సీటుకు వీపు ఆనించి కిందికి కూర్చోండి. ఒక చెయ్యి హ్యాండిల్ పిడి మీద, రెండోది సీటు పక్కన గట్టి కడ్డీ మీద. నడుము వంచకుండా కాళ్ళతో నేలను తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి. బండి లేస్తుంది. ఇది సాధన చేయడానికి ఇసుక నేల మంచిది, ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఇంకా మంచిది.

ఇక నిర్వహణ. నేను ఎక్కువగా మాట్లాడదలుచుకున్నది దీని గురించి. ఎందుకంటే నడపడం వచ్చిన స్త్రీలు పెరిగారు, బండి విప్పడం వచ్చిన స్త్రీలు పెరగలేదు. దీన్ని శ్రమ విభజన అని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. కుట్టు మిషను బాబిన్ తీసి దుమ్ము తుడిచి నూనె వేసే చేతికి చైన్‌కు నూనె వేయడం కష్టమా? కాదు. కానీ ఒకటి ఇంటి పని, రెండోది విద్య. ఒకదానికి జీతం లేదు, రెండోదానికి షాపు, బోర్డు, ‘మేస్త్రీ’ అన్న పిలుపు ఉన్నాయి. జ్ఞానానికి లింగం ఉండదు. దాన్ని ఎవరి చేతుల్లో ఉంచాలన్న నిర్ణయానికి ఉంటుంది.

ప్రతి ఉదయం బయల్దేరే ముందు అయిదు నిమిషాలు బండి చుట్టూ తిరగండి. టైర్లలో గాలి, అవి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, పరుగెత్తాక వేడికి ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. తారు రోడ్డుకూ మట్టి దారికీ తేడా ఉంది. ఇసుకలో, బురదలో కొద్దిగా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, మళ్ళీ తారెక్కగానే నింపుకోవాలి. చక్రం స్పోకులను చిన్న పానాతో ఒక్కొక్కదాన్నీ తట్టండి. అన్నీ దాదాపు ఒకే శబ్దం చేయాలి, ఏదైనా మొద్దుగా పలికితే అది వదులైనట్టు. కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ చేసిన పరీక్షే ఇది.

చైన్: అయిదు వందల కిలోమీటర్లకొకసారి తుడిచి నూనె పట్టించాలి. వానలో, బురదలో తిరిగితే అదే రోజు సాయంత్రం. శుభ్రం చేయడానికి కిరసనాయిలు లాంటి మెత్తని ద్రావకం, మెత్తని బ్రష్షు చాలు. ఈ బండ్ల చైన్ లింకుల మధ్య సన్నని రబ్బరు వలయాలు ఉంటాయి, పెట్రోలు పోస్తే పాడవుతాయి. ఇంజను ఆపి చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయాలి, ఇంజను నడుస్తుండగా గుడ్డతో చైన్ పట్టుకుని వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చైన్ కింది భాగం మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే కొంచెం ఆడాలి. ఎన్ని మిల్లీమీటర్లన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. సస్పెన్షన్ ఎక్కువ కదిలే ఈ బండ్లకు మామూలు బండి కన్నా కాస్త వదులు అవసరం. బిగుతుగా ఉంటే గోతిలో పడినప్పుడు చైన్ లాగుకుపోయి బేరింగు దెబ్బ తింటుంది.

క్లచ్ లివరుకు రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. క్లచ్ కేబులు తెగే ముందు చెబుతుంది, లివరు దగ్గర సన్నని తీగపోగులు విడిపోతాయి. కొత్త కేబులు ఒకటి పాత దాని పక్కనే కట్టి ఉంచుకుంటే మార్చడం పావుగంట పని. ఎయిర్ ఫిల్టరు మన ఊపిరితిత్తుల్లాంటిది, ఎర్రమట్టి దారుల్లో తిరిగితే పుస్తకంలో రాసిన దాని కన్నా ముందే చూడాలి. బ్రేకు ప్యాడ్లు ఎంత మందం మిగిలాయో టార్చి వేసి చూడండి. బ్రేకు నూనె వాడినా వాడకపోయినా తేమ పీలుస్తుంది, రెండేళ్ళకొకసారి మార్చాలి. బండిని సెంటరు స్టాండు మీద పెట్టి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే మెకానిక్కులు కోన్‌సెట్ అనే బేరింగు పోయినట్టు. రాళ్ళబాటల్లో ఇది త్వరగా పోతుంది.

పంక్చరు. ముందు చక్రం ట్యూబు 21 అంగుళాలది అయితే చిన్న ఊళ్ళలో దొరకదు, ఒకటి సంచిలో ఉండాల్సిందే. రెండు మూడు టైరు లివర్లు, ప్యాచీలు, గమ్ము, చేతి పంపు, ఇరుసు నట్టుకు సరిపోయే పానా, ఇవి నా సంచిలో చీర మడత కన్నా కింద ఉండవు. టైరు అంచును రిమ్ము మధ్యలో ఉన్న పల్లంలోకి తొక్కి ఉంచితే ఎదుటి వైపు అంచు సులువుగా బయటికొస్తుంది. ఈ ఒక్క కిటుకు తెలియకే బలం చాలదనుకుంటాం. టైరు లోపల వేళ్ళతో తడిమి ముల్లు తీసేయకుండా కొత్త ట్యూబు వేయకండి.

పంక్చరు అనగానే మనందరికీ ఒక రాత్రి గుర్తొస్తుంది. 2019 నవంబరు 27న హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసి, సాయం చేస్తామని వచ్చి, ఆమెపై అత్యాచారం చేసి చంపారు. పోలీసులు చెప్పిన వివరం ఇది. ఆ తరువాత నాకు ఎంతోమంది చెప్పారు, ‘అందుకే అమ్మా, ఆడవాళ్ళు చీకటి పడ్డాక బండి మీద తిరగకూడదు’ అని. ఇంకొందరు, ‘ఆమెకు పంక్చరు వేసుకోవడం వచ్చి ఉంటే’ అన్నారు. ఈ రెండో మాట కూడా నేను అంగీకరించను. హత్యకు గురైన స్త్రీలో లోపం వెతికే మాట అది. నైపుణ్యం మన స్వాతంత్ర్యాన్ని పెంచుతుంది, కానీ భద్రతకు అది ప్రభుత్వానికి బదులు కాదు. ఆ డిసెంబరు 6న నలుగురు నిందితులను ఎన్‌కౌంటరులో చంపినప్పుడు పూలు చల్లినవాళ్ళున్నారు. 2022లో సుప్రీంకోర్టు నియమించిన కమిషను పోలీసులు ఉద్దేశపూర్వకంగానే కాల్చారని తేల్చింది. కోర్టులో నిలబడాల్సిన నిజాలు ఆ నలుగురితో పాటే పోయాయి. రోడ్ల మీద దీపాలు, పనిచేసే ఫోను నంబరు, ఫిర్యాదు తీసుకునే స్టేషను మాత్రం మనం అప్పుడెలా అడిగామో ఇప్పుడూ అలాగే అడుగుతున్నాం.

దారి భయం గురించి ఇంకో మాట. అపరిచితుల కన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మరుగుదొడ్డి. పెట్రోలు బంకుల్లో ఉన్నవాటికి తాళం, తాళం ఎవరి దగ్గరో తెలియదు. నీళ్ళు తాగకుండా నడిపే ఆడవాళ్ళను చూశాను. ఎండలో ఆ కవచం వేసుకుని నీళ్ళు తాగకపోతే కళ్ళు తిరిగి పడతారు, అది రోడ్డు ప్రమాదమని రాస్తారు. ఇంకొకటి లాడ్జి. ఒంటరి స్త్రీకి గది లేదనే చోట్లు ఇంకా ఉన్నాయి. చీకటి పడకముందే ఆగడం, ఎక్కడ ఆగుతున్నామో ఇద్దరికి చెప్పి ఉంచడం నేను పాటిస్తాను. శ్రీశైలం దారిలో నల్లమల అడవిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు. అది పులి కోసం పెట్టిన నియమం, అందరికీ ఒకటే. అలాంటి నియమంతో నాకు పేచీ లేదు. ఆడవాళ్ళకు మాత్రమే పెట్టే నియమంతోనే పేచీ.

మనకు ముందు నడిచినవాళ్ళు ఉన్నారు. 1916లో అమెరికాలో అగస్టా, అడలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి రెండు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళారు. సైన్యంలో వార్తాహరులుగా స్త్రీలూ పనికొస్తారని నిరూపించడం వాళ్ళ ఉద్దేశం. దారిలో మగ దుస్తులు వేసుకున్నారని పోలీసులు పట్టుకున్నారు. తరువాత అడలిన్ దరఖాస్తును సైన్యం తిరస్కరించింది. 1934 డిసెంబరులో థెరెసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరాన్ లండన్‌లో బయల్దేరి, 600 సీసీ పాంథర్ బండికి పక్క తొట్టి, వెనక ట్రైలరు తగిలించుకుని సహారా ఎడారి దాటి 1935లో కేప్‌టౌన్ చేరారు. వాలక్ ఇంజనీరింగు చదివిన మనిషి, దారిలో ఇంజను మరమ్మతు తామే చేసుకున్నారు. వాళ్ళ ధైర్యాన్ని గౌరవిస్తూనే, వలస పాలకుల దేశపు పాస్‌పోర్టు వాళ్ళకు ఎన్ని గేట్లు తెరిచిందో కూడా చూడాలి.

మనకు దగ్గరి చరిత్ర తమిళనాడులోని పుదుక్కోట్టైది. 1991లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్న రోజుల్లో, వేల సంఖ్యలో గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వ్యవసాయ కూలీలు, క్వారీ కార్మికులు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు. బస్సు కోసం ఎదురుచూసే సమయం మిగిలింది, సరుకు తామే బజారుకు తీసుకెళ్ళగలిగారు. మగవాళ్ళ వెకిలి మాటలు ముందు వినపడ్డాయి, తరువాత తగ్గాయి. అక్కడ గెలిచింది ఒక వీరనారి కాదు, గుంపు. ఒక్కరు నేర్చుకుంటే వింత, వందమంది నేర్చుకుంటే ఆచారం. 2018లో హైదరాబాదు నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్ మీదుగా వియత్నాం దాకా వెళ్ళి వచ్చారు. ఆ తరువాత ఆమె స్త్రీలకు బండి నేర్పే సంస్థ పెట్టారు. ఆ ప్రయాణం కన్నా ఈ రెండో పనే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇక్కడ మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇవన్నీ డబ్బున్నవాళ్ళకు కదా? అవును. నాలుగు వందల సీసీ బండి రోడ్డెక్కేసరికి మూడు లక్షలు దాటుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైన ఉన్నవాటికి 40 శాతం అయింది. కనుక మన పనికి రెండు వందల సీసీ బండి చాలు, తేలిక కూడా. నాకు విశ్వవిద్యాలయం జీతం ఉంది కాబట్టి కొనగలిగాను. దళిత కార్యకర్త ఊరి వీధిలో బండి మీద వెళ్తే ఆమెకు ఎదురయ్యే చూపు, నాకు ఎదురయ్యే చూపు ఒకటి కాదు. దళితులు చెప్పులేసుకుని నడవడాన్నే, సైకిలెక్కి పోవడాన్నే నేరంగా చూసిన వీధులు అవి. చలనశీలత స్త్రీలందరికీ ఒకే రకంగా దక్కదు, దాన్ని కులం, వర్గం లెక్కగట్టి ఇస్తాయి. ఇది మరిచిపోతే మన మాట నిజంగానే సరదా అయిపోతుంది.

ఒక సంతలో పసుపు అమ్ముతున్న పెద్దావిడ నా బండి చుట్టూ తిరిగి చూసి, ‘ఈ బండి నీదేనా పాపా?’ అంది. నాదేనమ్మా అన్నాను. ‘నీ పేరునే ఉందా? అమ్ముకోవాలంటే నువ్వే అమ్ముకోవచ్చా?’ అంది. అవునన్నాను. ‘అయితే నీదే’ అంది. ఆస్తి హక్కు మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఆ చివరి ప్రశ్నలో ఉన్నాయి.

ఆమె ప్రశ్నను మన సంస్థలకే వేద్దాం. మన దగ్గర క్షేత్ర కార్యకర్తల్లో ఎక్కువమంది స్త్రీలు. సంస్థ బండి తాళం మాత్రం సాధారణంగా మగ సమన్వయకర్త దగ్గరో డ్రైవరు దగ్గరో ఉంటుంది. నా ప్రతిపాదనలు ఇవి. ఒకటి, క్షేత్రస్థాయి బడ్జెట్టులో బండి, లైసెన్సు శిక్షణ, హెల్మెట్, బీమా ఒకే పద్దుగా అడగాలి. రెండు, వాహన రుణానికి భర్త సంతకం తప్పనిసరి అనే పొదుపు సంఘాల అలవాటు మానాలి, బండి ఆమె పేరునే రిజిస్టర్ కావాలి. మూడు, పెట్రోలు ఖర్చు దూరాన్ని బట్టి ఇవ్వాలి. నాలుగు, ప్రతి శిక్షణా సమావేశంలో ఒక పూట పానా పట్టుకోవడం నేర్పాలి, నేర్పేది స్త్రీ అయితే మరీ మంచిది. అయిదు, పెట్రోలు బంకుల్లో, మండల కేంద్రాల్లో శుభ్రమైన మరుగుదొడ్ల కోసం ఎక్కడికక్కడ అర్జీలు పెట్టాలి.

భోజనాల తరువాత బయట వేపచెట్టు కింద నా బండి ఉంటుంది. వెనక చక్రం విప్పి మళ్ళీ బిగిద్దాం. చేతులకు మసి అంటుతుంది, సబ్బు తెచ్చాను. ఎవరైనా రావచ్చు, కానీ చూడటానికి మాత్రమే కాదు.